ఆడినవాడు, ఆడించినవాడు, ఎంచినవాడు

అండమాన్‌లోని మా పోర్ట్ బ్లెయిర్‌కి 2024లో శ్రీవిజయపురం అని పేరు పెట్టారు. ఊరి పేరు మారింది గానీ మైదానంలో కుర్రాళ్ళు నన్నడిగే ప్రశ్న మారలేదు: "మాస్టారూ, ఆడే వయసు దాటాక ఏం చెయ్యాలి?"

మా నాన్నగారు శ్రీకాకుళం తీరం నుంచి చేపల వేట కోసం ఈ ఊళ్ళోని జంగ్లీఘాట్‌కి వచ్చారు. నేను వల వదిలి ఫుట్‌బాల్ పట్టుకున్నాను. బళ్ళో పీటీ మాస్టరుగా జీతం తీసుకున్నాను, సాయంత్రాలు క్లబ్బు జట్టును ఆడించాను, రిటైరయ్యాక జట్లు ఎంచేచోట కూర్చున్నాను. ఆడడం, ఆడించడం, ఎంచడం, ఈ మూడు పనుల్లో నాకు తెలిసింది రాస్తున్నాను. అంకెలు వేసింది మీరు వెతుక్కోడానికి వీలుగా ఉంటుందనే తప్ప, ఒకటో నంబరు గొప్పదనీ ఆఖరిది తక్కువనీ కాదు.

1. మూడూ మూడు వేరే ఉద్యోగాలు

బాగా ఆడినవాడు బాగా ఆడిస్తాడని, బాగా ఆడించినవాడు జట్లను ఎంచే సంఘాన్ని కూడా బాగా నడుపుతాడని మనవాళ్ళకో నమ్మకం. ఈ మూడూ ఒకే మనిషికి అబ్బడం అరుదు. అబ్బినవాళ్ళలో జర్మనీకి చెందిన మత్తియాస్ జామర్ ఒకడు.

1967లో తూర్పు జర్మనీలోని డ్రెస్డెన్‌లో పుట్టాడు. వాళ్ళ నాన్న క్లాస్ జామర్ కూడా ఆటగాడే, కోచే. 1990 సెప్టెంబరులో తూర్పు జర్మనీ జట్టు తన ఆఖరి మ్యాచ్ ఆడి బెల్జియం మీద 2-0తో గెలిచింది. రెండు గోల్సూ జామర్‌వే. మరుసటి నెలకి ఆ దేశమే లేదు. ఏకమైన జర్మనీ తరఫున 1996లో యూరో కప్పు గెలిచాడు, ఆ ఏడే బాలన్ డోర్ కూడా అందుకున్నాడు. మోకాలు చెడి ముప్ఫై దాటీ దాటకముందే ఆట ముగిసింది. 2000లో డోర్ట్‌ముండ్ కోచ్ అయ్యాడు, 2002లో ఆ జట్టుకి లీగ్ టైటిల్ తెచ్చాడు. ఇక్కడిదాకా పేపర్లో పేరుపడే పనులే.

2006లో జర్మన్ ఫుట్‌బాల్ సమాఖ్యలో స్పోర్టింగ్ డైరెక్టర్ కుర్చీలో కూర్చున్నాడు. చేతికి వచ్చినవి ముఖ్యంగా పిల్లల జట్లు. 2008లో అండర్-19, 2009లో అండర్-17, అండర్-21, మూడు యూరప్ కప్పులూ జర్మనీకే వచ్చాయి. ఆ అండర్-21 జట్టులోని నోయర్, హుమెల్స్, బోటెంగ్, ఖెదిరా, ఓజిల్, హోవెడెస్ 2014లో ప్రపంచ కప్పు ఎత్తారు. అప్పటికి జామర్ బయర్న్ మ్యూనిక్‌లో ఉద్యోగానికి వెళ్ళి రెండేళ్ళయింది. కప్పు ఎత్తిన ఫొటోలో అతను లేడు.

మూడో ఉద్యోగం అంటే అదీ. పంట చేతికొచ్చేసరికి పొలం ఇంకొకరి పేరు మీద ఉంటుంది. అది ఓర్చుకోలేనివాడు కోచ్‌గానే ఉండిపోవడం మంచిది. అందులో చిన్నతనం ఏమీ లేదు.

2. అంతకు ముందే మనకొకడున్నాడు

జర్మనీ దాకా ఎందుకు, హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం ఈ మూడు పనులూ చేశాడు. అందులో రెండు ఒకేసారి. 1909లో పుట్టి, ఉస్మానియాలో చదివి, అక్కడే ఆడి, బడిపంతులయ్యాడు. హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్‌కి కార్యదర్శి. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్, దేశం జట్టుకీ కోచ్. సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిచింది. దేశం జట్టు 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ని 1-0తో ఓడించి స్వర్ణం గెలిచింది.

2024లో ఆయన మీద 'మైదాన్' సినిమా వచ్చాక మా కుర్రాళ్ళకి రహీం సాబ్ అంటే అజయ్ దేవగణ్ మొహమే కనిపిస్తోంది. పోనీలెండి, పేరైనా తెలిసింది. సినిమాకి కోచ్ కావాలి. వీధి లీగుల రూల్సు మార్చిన కార్యదర్శిని చూడ్డానికి టికెట్ ఎవడు కొంటాడు? నాకు మాత్రం ఆ కార్యదర్శే ఎక్కువ ముద్దు.

ఎందుకంటే, ఆయన కుర్రాళ్ళకి రెండు వింత రకాల టోర్నమెంట్లు పెట్టించాడు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ కూడదు, బంతి అందగానే పాస్ ఇచ్చెయ్యాలి. రెండోదాంట్లో బలహీనమైన కాలితోనే తన్నాలి. కోచ్‌గా ఆ మాట చెబితే పదిహేను మంది వింటారు, అందులో సగం మంది మర్నాటికి మరిచిపోతారు. కార్యదర్శిగా దాన్ని పోటీకి రూలుగా పెడితే ఊళ్ళో ప్రతి గల్లీ పిల్లాడూ కప్పు కోసం ఎడమకాలు సాధన చేస్తాడు. ఎవరికీ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. సిటీ పోలీస్‌కి, దేశం జట్టుకి అంతమంది హైదరాబాదీలు ఎక్కడినుంచి వచ్చారా అని ఆశ్చర్యపోయేవాళ్ళు ముందు ఈ టోర్నమెంట్ల వైపు చూడాలి. నాకు అధికారం ఉన్నంతకాలం మా స్కూలు పిల్లలకి ఎడమకాలి పోటీ పెట్టాను. మొదట్లో నవ్వారు. గోల్ కీపర్లు మరీ నవ్వారు.

3. చిత్తుగా ఓడిన మ్యాచ్‌ని పారెయ్యకండి

1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మన జట్టు మీద పది గోల్స్ కొట్టింది. మనం కొట్టింది ఒకటి. చలిదేశంలో మనవాళ్ళు చాలామంది ఉత్తికాళ్ళతో ఆడారు. ఆ తర్వాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. రహీం పాత వరసలు వదిలి కొత్త వ్యూహాలు పట్టుకున్నాడు. నాలుగేళ్ళకి మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నెవిల్ డిసౌజా హ్యాట్రిక్‌తో ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి సెమీస్‌కి చేరాం. అక్కడ మళ్ళీ అదే యుగోస్లావియా, ఈసారి 4-1. చివరికి నాలుగో స్థానం. ఆ స్థానాన్ని మన ఫుట్‌బాల్ ఒలింపిక్స్‌లో ఇప్పటిదాకా దాటలేదు.

4. కుర్రాడి కాళ్ళు చూసే ముందు దారిఖర్చు చూడండి

తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు, పేదింటివాడు. శిక్షణకి రోజూ వచ్చిపోవడానికి డబ్బుల్లేవంటే రహీం సైకిల్ ఏర్పాటు చేశాడని చెప్పుకుంటారు. ఆ బలరాం 1956, 1960 ఒలింపిక్స్ ఆడాడు, 1962 ఆసియా క్రీడల స్వర్ణం జట్టులో ఉన్నాడు.

మా దీవుల్లో ఇది ఇంకా కష్టం. డిగ్లీపూర్ కుర్రాడు సెలెక్షన్‌కి రావాలంటే రోజంతా బస్సు, లేదా బోటు. కార్ నికోబార్ వాడికి షిప్పు దొరకాలి, సముద్రం ఒప్పుకోవాలి. మే నుంచి డిసెంబరు దాకా వాన ఎప్పుడు ఆగుతుందో ఎవరికీ తెలియదు. అందుకని పోర్ట్ బ్లెయిర్‌లో సెలెక్షన్ పెడితే పోర్ట్ బ్లెయిర్ జట్టే తయారవుతుంది. దానికి దీవుల జట్టని పేరు పెట్టుకోవడం మన ఇష్టం. ఎంచేవాడే బోటెక్కాలి.

5. ఆటగాణ్ణి అతని చోటులోంచి కదపండి

1962 జకార్తా ఆసియా క్రీడల్లో మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా మనల్ని 2-0తో ఓడించింది. జర్నైల్ సింగ్ డిఫెండరు, పైగా తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. వెనక కుదరడని రహీం అతన్ని ఇంటికి పంపలేదు, ముందు వరసలో సెంటర్ ఫార్వర్డ్‌గా దించాడు. ఫైనల్లో మళ్ళీ అదే కొరియా. స్టేడియమంతా మనకి వ్యతిరేకంగా అరుస్తోంది. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టి 2-1తో గెలిపించారు. అప్పటికే రహీం ఒంట్లో క్యాన్సర్ ఉంది. 1963 జూన్ 11న పోయాడు.

6. పిల్లాడి పేరు చూసి ఆట నిర్ణయించకండి

కార్ నికోబార్‌లో ఫుట్‌బాల్ పిచ్చి ఎంతంటే, ఒకింట్లో పిల్లాడికి డేవిడ్ బెక్హామ్ అని పేరు పెట్టుకున్నారు. ఆ డేవిడ్ బెక్హామ్ సైకిల్ రేసుల్లో దేశం తరఫున పోటీపడ్డాడు. 2004 సునామీలో చెట్టు పట్టుకుని బతికిన డెబోరా హెరాల్డ్ మొదట లాంగ్ జంప్ పిల్ల, తర్వాత సైక్లింగ్‌లో దేశానికే పేరు తెచ్చింది. మా దీవులవాడే ఎసో అల్బెన్ 2018లో జూనియర్ ప్రపంచ పోటీల్లో రజతం గెలిచాడు. 2019లో జర్మనీలోనే, ఫ్రాంక్‌ఫర్ట్ ఓడర్‌లో, అవే పోటీల్లో టీమ్ స్ప్రింట్ స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నాడు. తోటి సైక్లిస్టు ఒకడు మణిపూర్ రొనాల్డో సింగ్. ఫుట్‌బాల్ వీరుల పేర్లన్నీ సైకిళ్ళెక్కాయన్నమాట!

ఫుట్‌బాల్ మనిషిగా నాకు కొంచెం కడుపుమంటే. కానీ ఆ తొడల బలం చూసి, ఈ పిల్లలకి సైకిల్ సరిపోతుందని ఎవరో గుర్తించారు, శిక్షణకి ఏర్పాట్లు జరిగాయి. మూడో కుర్చీలో కూర్చున్నవాడు చేయవలసింది సరిగ్గా ఇదే. మనం నికోబారీ కుర్రాళ్ళ ఆట చూసి చప్పట్లు కొట్టి ఇంటికెళ్ళాం.

7. మీ తర్వాత ఎవరు?

రహీం పోయాక మనకి ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్ స్వర్ణం మళ్ళీ రాలేదు. 1970 బ్యాంకాక్‌లో కాంస్యం వచ్చింది. ఆ జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్, హైదరాబాదువాడే, తర్వాత దేశానికి కోచ్ కూడా అయ్యాడు. అంటే మనుషులు మిగిలారు. కార్యదర్శి బల్ల దగ్గర కూర్చుని గల్లీ లీగుకి రూలు రాసే మనిషే మిగల్లేదు. నన్నడిగితే హైదరాబాద్ ఫుట్‌బాల్ అక్కడే జారింది.

8. మేనల్లుడి సంగతి

ఎంపిక జాబితాలో మేనల్లుడో, కొడుకో, మీ ఇంటివాడి పేరు వచ్చినప్పుడు లేచి బయటికి వెళ్ళి టీ తాగండి. మిగతావాళ్ళు తేల్చుకుంటారు. రహీం కొడుకు సయ్యద్ షాహిద్ హకీం 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నాడు. ఫ్రాన్స్‌తో 1-1 డ్రా చేసుకున్నాం, హంగరీ చేతిలో, పెరూ చేతిలో ఓడిపోయాం. ఆ మూడు మ్యాచ్‌ల్లో ఒక్కదాంట్లో కూడా హకీం మైదానంలోకి దిగలేదు. కోచ్ వాళ్ళ నాన్నే. తర్వాత హకీం అంతర్జాతీయ రిఫరీ అయ్యాడు, 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకున్నాడు.