ఈ మాసపు పాఠము: క్షయ రోగి ఇంట ఉండియే బాగుపడగలడు



క్షయ అనే మాటను మనం ఇప్పటికీ గుసగుసగానే పలుకుతాం. రోగి కంచం, గ్లాసు వేరు చేస్తాం. ఆడపిల్లకు వస్తే సంబంధం తప్పిపోతుందని దాచిపెడతాం. దాచిన కొద్దీ పరీక్ష ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యంలోనే జబ్బు ఇంటిల్లిపాదికీ అంటుకుంటుంది. కనుక ఈ మాసం ఈ సంగతి నేర్చుకుందాం.

1. మద్రాసులో తేలిన సత్యం

పూర్వం క్షయ రోగులను మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం వంటి శానిటోరియాలలో నెలల తరబడి ఉంచేవారు. అందరికీ మంచాలు చాలేవి కావు. 1956లో మద్రాసులో నెలకొల్పిన పరిశోధన కేంద్రం, పేద రోగులలో కొందరిని శానిటోరియంలోనూ, కొందరిని ఇంటివద్దనూ ఉంచి, ఒక సంవత్సరం ఒకే రకం మందులు ఇచ్చింది. 1959లో ఫలితాలు ప్రకటించారు. ఇరుకు ఇళ్లలో, చాలీచాలని తిండితో ఉన్నవారు కూడా శానిటోరియం రోగులతో దాదాపు సమానంగా కోలుకున్నారు. వారి ఇంటివారికి జబ్బు ఎక్కువగా సోకనూ లేదు. ఎందుకంటే, అంటుకోవడం చాలావరకు మందులు మొదలుకాక ముందే జరుగుతుంది. అందుకే నేడు ఈ చికిత్స ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే దొరుకుతోంది.

2. ఎప్పుడు వెళ్లాలి?

రెండు వారాలు దాటిన దగ్గు, సాయంకాలపు జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, కళ్లెలో రక్తం – వీటిలో ఏ ఒక్కటి కనిపించినా దగ్గు మందు సీసాలు మారుస్తూ కూర్చోరాదు. ప్రభుత్వ కేంద్రాలలో పరీక్షా, మందులూ ఉచితం.

3. మధ్యలో మానరాదు

మామూలు క్షయకు ఆరు నెలలు ప్రతిదినం మందులు వాడాలి. ఒకటి రెండు నెలలకే దగ్గు తగ్గి ఆకలి పుడుతుంది. చాలామంది అక్కడే మానేస్తారు. అప్పుడు మిగిలిన క్రిములు మందుకు లొంగనివిగా మారవచ్చు. పండుగకో పెళ్లికో స్వంత ఊరు వెళ్లేవారు ముందుగా కేంద్రంలో చెప్పి, సరిపడా మందులు తీసుకోవాలి. ఎక్కువకాలం ఉండవలసివస్తే చికిత్సను ఆ ఊరి కేంద్రానికి మార్పించుకోవచ్చు.

4. ఇంటివారి బాధ్యత

క్షయ గాలి ద్వారా సోకుతుంది. కంచం, గ్లాసు ద్వారా కాదు. కిటికీలు తెరవండి. దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డుపెట్టమనండి. ఇంట్లో అందరికీ, ముఖ్యంగా చిన్నపిల్లలకు, పరీక్ష చేయించండి. జబ్బు లేదని తేలినవారికి నివారణ మందు అవసరమేమో డాక్టరును అడగండి.

తిండి కూడా మందువంటిదే. రోగుల కుటుంబాలకు పోషకాహారం ఇచ్చినచోట, ఇంటివారిలో కొత్తగా క్షయ రావడం సుమారు 40 శాతం తగ్గిందని ఝార్ఖండ్‌లో జరిగి 2023లో వెలువడిన పరిశోధన చూపింది. ప్రభుత్వం రోగికి పోషణ నిమిత్తం ఇచ్చే నెలకు 500 రూపాయలను 2024 నవంబరు నుండి 1,000 చేసింది. దానికి తోడు మనం బియ్యం, పప్పు, గుడ్లు అందిస్తే ఆ ఇల్లంతా నిలబడుతుంది.

ఆలోచించవలసిన ప్రశ్నలు

1. రోగి కంచం వేరు చేయడం వలన ఎవరికి మేలు? ఎవరికి కీడు?
2. మీ వీధిలో రెండు వారాలుగా దగ్గుతున్నవారు ఎవరు? వారిని కేంద్రానికి ఎవరు తీసుకువెళతారు?
3. ఆరు నెలలు ఒక కుటుంబానికి తిండి అందించడానికి మన సంఘం ఏమి చేయగలదు?