స్టెమ్ కొనే ముందు

చిన్నా,

ఫోన్లో చెబితే సగం విని, మిగతా సగం హాస్టల్ మెట్ల మీదే వదిలేస్తావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. దాచుకో.

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట, సోమాజిగూడ, రాజ్‌భవన్ రోడ్డు మీదుగా నెక్లెస్ రోడ్డుకు వెళ్లి, అక్కడ నాలుగు చుట్లు తిరిగొచ్చేసరికి చిటికెన వేలూ ఉంగరపు వేలూ తిమ్మిరెక్కుతున్నాయన్నావు. మెడ పట్టేస్తోందన్నావు. హ్యాండిల్‌ను ఫోర్కు గొట్టానికి కలిపే స్టెమ్ మార్చేస్తా, డబ్బులు పంపక్కా అన్నావు. పంపుతాను. ముందు ఇది చదువు.

చేతులు తిమ్మిరెక్కగానే స్టెమ్‌ను అనుమానించకు. సీటు చూడు. సీటు ముక్కు కిందికి వాలి ఉంటే ఒళ్లు ముందుకు జారుతుంది, ఆ బరువంతా అరచేతులే ఆపాలి. అరచేతిలో చిటికెన వేలి వైపు ఒక నరం పైపైనే పోతుంది. దాని మీద గంటసేపు బరువు పడితే సరిగ్గా నువ్వు చెప్పిన ఆ రెండు వేళ్లే మొద్దుబారతాయి. ఫోన్లో లెవెల్ చూపించే యాప్ ఉంటుంది కదా, ఒక చదునైన పుస్తకం సీటు మీద వేసి, దాని మీద ఫోన్ పెట్టి చూసుకో. ఇంకో మాట. హ్యాండిల్ అందడం లేదని సీటును ముందుకు జరపకు. సీటు ఎక్కడుండాలన్నది మోకాళ్ల లెక్క. చేతుల సుఖం కోసం దాన్ని కదిలిస్తే రేపు మోకాళ్లు పట్టుకుని కూర్చుంటావు. సీటు కుదిరాక కూడా మోచేతులు కర్రల్లా బిగుసుకుని ఉంటే, అప్పుడు స్టెమ్ దగ్గరికి రా.

నా మొదటి రోడ్ బైక్ నీకు గుర్తుందో లేదో. నాది ఐదడుగుల రెండంగుళాల ఎత్తు. సైకిలుతో వచ్చిన స్టెమ్ 100 మిల్లీమీటర్లు. బ్రేకుల మీద చేతులు వేయాలంటే భుజాలు చాచి వేలాడినట్టుండేది. ఆరు నెలలు లోపం నా ఒంట్లోనే ఉందనుకున్నాను. 80 మిల్లీమీటర్లది వేయించుకున్న మర్నాడు పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు గమనించాను, భుజాలు చెవుల దాకా ఎక్కిలేవు. తల తిప్పి వెనక బస్సు ఎంత దూరంలో ఉందో తేలిగ్గా చూడగలిగాను. ఆ రోడ్డు మీద తొక్కేవాళ్లకు అది ప్రాణం కాపాడే సంగతిరా. అందుకే ఒంటికి సరిపడక స్టెమ్ మారుస్తానంటే నేను ఎప్పుడూ వద్దనను.

కాకపోతే కొనే ముందు పైసా ఖర్చు లేని పని ఒకటుంది. నీ స్టెమ్ మీద అచ్చువేసిన అంకెలు చూడు. 110 అని ఉంటే పొడవు, 6 అని ఉంటే కోణం. ఫోర్కు గొట్టం నడిమధ్య నుంచి హ్యాండిల్‌బార్ నడిమధ్యకు కొలిస్తే ఆ 110 వస్తుంది. ఇప్పుడు ఆ కోణం కిందికి ఉండేలా బిగించి ఉంటే, ఆ స్టెమ్‌నే విప్పి తలకిందులుగా బిగించావనుకో, హ్యాండిల్ దాదాపు రెండు సెంటీమీటర్లు పైకి లేస్తుంది, ఆరేడు మిల్లీమీటర్లు దగ్గరికీ వస్తుంది. అలా ఒక రెండు వారాలు తొక్కు. చాలామందికి అక్కడితోనే మెడ నొప్పి తగ్గిపోతుంది. నీకు తగ్గకపోతే 100, ఇంకా కావాలంటే 90. పది మిల్లీమీటర్లే కదా అనుకోకు, ఒంటికి బాగా తెలుస్తుంది. 70 కంటే చిన్నది వేస్తే గానీ అందడం లేదంటే మాత్రం స్టెమ్‌ది కాదు తప్పు, ఫ్రేమే నీకు పెద్దది. సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా వచ్చిందని కొన్న సైకిలు కాబట్టి ఆ మాట ముందే చెబుతున్నాను.

స్టెమ్ పొట్టిదయ్యేకొద్దీ హ్యాండిల్ చురుగ్గా తిరుగుతుంది. మైత్రీవనం దగ్గర మెట్రో స్తంభాల చాటు నుంచి ఫైల్ పట్టుకున్న పిల్లాడెవడో ఉన్నట్టుండి రోడ్డు మీదికొస్తాడు. నువ్వు కొంచెం తిప్పాలనుకుంటావు, అది ఎక్కువ తిరుగుతుంది. కొత్త స్టెమ్ వేశాక మొదటి వారం తెల్లారుజామున ఖాళీ రోడ్డు మీదే తొక్కు.

నీ స్నేహితుడు పొడవాటి స్టెమ్ కొని, దాని కింద ఉండే ఉంగరాల్లాంటి స్పేసర్లన్నీ తీసేసి, హ్యాండిల్‌ను కిందికి దించేశాడన్నావు. చూడ్డానికి బాగానే ఉంటుంది. అతని నడుం అంత వంగుతుందేమో, నీది వంగదు. రోజుకు పది గంటలు కంప్యూటర్ ముందు కూర్చుని కోర్సు నేర్చుకుంటున్నవాడివి, అందం కోసం ఆ పని చేయకు.

ఇప్పుడు అసలు సంగతి. వీటన్నిటికంటే పెద్ద కారణం ఒకటుంది, అది ఎదురైతే ఆలోచనకు తావు లేదు, ఆ రోజే మార్చాలి.

2017 వానాకాలం. అమీర్‌పేటకు ఇంకా మెట్రో రాలేదు. పంజాగుట్టలో తడిసిన మ్యాన్‌హోల్ మూత మీద బ్రేకు వేశాను, ముందు చక్రం జారింది, పడ్డాను. హ్యాండిల్ పక్కకు తిరిగిపోయింది. ముందు చక్రాన్ని కాళ్ల మధ్య నొక్కిపట్టి, హ్యాండిల్‌ను లాగి తిన్నగా చేసుకుని ఇంటికి తొక్కుకుంటూ వచ్చేశాను. తర్వాత ఒక రిపేరు షాపులో చూపిస్తే బోల్టులు బిగించి, ఏం కాలేదన్నారు. రెండు నెలలు అలాగే తొక్కాను. పట్ పట్‌మని చిన్న చప్పుడు, అదీ ఎత్తు ఎక్కేటప్పుడు హ్యాండిల్ గట్టిగా లాగితేనే. ఒక ఆదివారం పాత తెల్ల నూలు గుడ్డతో స్టెమ్ తుడుస్తుంటే గుడ్డ దారం ఎక్కడో చిక్కింది. హ్యాండిల్‌ను పట్టి ఉంచే ముందు పలక దగ్గర, కింది బోల్టు పక్కన. చెమట ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది. తడిగుడ్డతో దాన్ని తీసి టార్చి వేస్తే వెంట్రుకంత గీత. గోరు పెట్టి లాగితే గోరు ఆగింది. పెయింట్ మీద గీతైతే గోరు జారిపోతుంది. చేతులు చల్లబడ్డాయిరా నాకు. ఆ స్టెమ్ మీదే ముందు వారం ఫ్లైఓవర్ దిగాను.

అల్యూమినియం ఇనుములా వంగి హెచ్చరించదు. లోపల పగులు కొంచెం కొంచెంగా పాకుతుంది, చివరికి ఒక్క గుంతకు పుటుక్కున తెగుతుంది. 2006లో పారిస్-రూబే పందెంలో జార్జ్ హింకపీ అనే పెద్ద రైడర్‌కు, స్టెమ్ పట్టుకుని ఉండే ఫోర్కు గొట్టమే రాళ్ల బాట మీద విరిగిపోయింది. హ్యాండిల్ చేతిలోకి వచ్చేసింది, పడిపోయాడు. వెనకే మెకానిక్కుల కారు ఉన్నవాళ్ల గతే అది. అందుకే పడిన సైకిలు స్టెమ్‌ను నేను నమ్మను. నీది సెకండ్‌హ్యాండ్. ఎన్నిసార్లు పడిందో అమ్మినవాడికే తెలియాలి. చప్పుడొచ్చినా, బోల్టు చుట్టూ తెల్లగా పొంగినా, బోల్టు మర అరిగి ఎంత తిప్పినా బిగుసుకోకపోయినా మార్చేయడమే.

కొనేటప్పుడు రెండు కొలతలు సరిపోవాలి. ఫోర్కు వైపు ఇప్పటి సైకిళ్లకు ఎక్కువగా 28.6 మిల్లీమీటర్లు. హ్యాండిల్ వైపు కొత్తవాటికి 31.8, పాతవాటికి 26 గానీ 25.4 గానీ. హ్యాండిల్‌బార్ సన్నగా ఉందని షాపువాళ్లు రేకు ముక్క చుట్టి బిగిస్తామంటే అక్కడి నుంచి వచ్చెయ్. ఫోర్కు గొట్టం కోస్తామన్నా ఒప్పుకోకు, కోసింది మళ్లీ రాదు. మిగిలిన స్పేసర్లు స్టెమ్ పైన వేసుకో.

బిగించడంలో అందరూ చేసే తప్పు పై మూత బోల్టు దగ్గర. స్టెమ్‌ను పట్టి ఉంచేది అదే అనుకుని బలంగా తిప్పుతారు. దాని పని ఫోర్కు బేరింగుల్లో వదులు తీయడం, అంతే. పక్క బోల్టులు వదులుగా ఉంచి, ముందు దాన్ని కొద్దిగా బిగించు. ముందు బ్రేకు పట్టి సైకిలును ముందుకూ వెనక్కూ ఊపు. టకటకమనకూడదు, హ్యాండిల్ తేలిగ్గా తిరగాలి. తర్వాతే పక్క బోల్టులు. ముందు పలక నాలుగు బోల్టులూ ఎదురెదురు మూలలుగా, కొంచెం కొంచెంగా, పైనా కిందా సందు సమానంగా ఉండేలా. ఎంత బిగించాలో స్టెమ్ మీదే రాసి ఉంటుంది, చాలావాటికి 5 న్యూటన్ మీటర్లు. చేతి అంచనాతో అది తెలియదు. బలం చూపించి స్టెమ్‌ను నువ్వే పగలగొడతావు.

వచ్చే ఆదివారం పొద్దున ఐదున్నరకు అమీర్‌పేట మెట్రో కింద ఉండు. టార్క్ రెంచ్, 4, 5 నంబర్ల ఎలన్ కీలు నేను తెస్తాను. ఈలోగా ఈ రాత్రే స్టెమ్ తుడిచి, టార్చి వేసి, నాలుగు బోల్టుల చుట్టూ, కింది వైపూ ఫోటోలు తీసి పంపు. గీత కనబడితే సైకిలు హాస్టల్లోనే ఉంచి, అప్పటిదాకా మెట్రోలో తిరుగు.

అక్క