లంగరు ఎలా నిలుస్తుంది?

ఈ పాఠం చదివాక చిన్న తెరచాప పడవను భద్రంగా నిలిపే పద్ధతిని మీరు వివరించగలుగుతారు.

లంగరు కేవలం బరువుతో పడవను ఆపదు. దాని కొక్కెం నేలలో దిగబడి పట్టు ఇస్తుంది. మోకు పొట్టిదైతే అల అల్లా లంగరును పైకి లాగి పెకలిస్తుంది. కాబట్టి నీటి లోతు, పోటు, పడవ ముక్కు ఎత్తు కలిపి, అందుకు 5 నుండి 7 రెట్లు మోకు వదలాలి. కాకినాడ తీరంలో ఈ మొత్తం 4 మీటర్లయితే మోకు 20 నుండి 28 మీటర్లు ఉండాలి.

పద్ధతి:
1. ముక్కును గాలికి ఎదురుగా తిప్పి, తెరచాప దించండి.
2. పడవ ఆగాక లంగరును మెల్లగా దించండి, విసరకండి.
3. పడవ వెనక్కు జరుగుతుండగా మోకు వదిలి, ముక్కు దగ్గర కట్టండి.
4. ఒడ్డుమీద గుర్తులు చూసుకోండి. అవి చెదిరి మళ్లీ కలవకపోతే లంగరు జారుతున్నట్లే. గమనించకపోతే పడవ రాళ్ల పాలవుతుంది.

కృత్యం: సరోజినీ నగర్ వంటి సముద్రం లేని చోట ఉన్నవారు బరువైన సంచికి తాడు కట్టి, నేలబారుగా, తరువాత నిలువుగా లాగి చూడండి. సంచి ఎప్పుడు లేచింది? ఎందుకు?