గాలము మ్రింగిన కొఱ్ఱమీను

ప్రతి సంవత్సరము జూను మాసారంభమున మృగశిర కార్తె ప్రవేశించును. ఆ దినమున చేపలు తినుట తెలంగాణమున చిరకాలముగ వచ్చుచున్న ఆచారము. హైదరాబాదు నగరమున, ఆబిడ్సునకు సమీపముననున్న నాంపల్లి ఎగ్జిబిషను మైదానములో బత్తిని కుటుంబమువారు ఉబ్బసరోగులకు చేపప్రసాదము పంచుటయు ఆ సమయముననే. ప్రాణముతోనున్న చిన్న కొఱ్ఱమీను పిల్ల నోట మందు నుంచి రోగిచే మ్రింగింతురు. కరోనా వ్యాధి కారణమున 2020 మొదలు మూడేండ్లు నిలిచిన యీ పంపిణీ 2023లో మరల జరిగినది. దాని వైద్యగుణము శాస్త్రపరీక్షలచే స్థాపింపబడలేదు. ఆ విచారణ యిచ్చట మా ఉద్దేశము కాదు. రైతులు గమనింపవలసిన సంగతి యొకటి కలదు. అచ్చట ప్రాణమున్న పిల్లయే పనికివచ్చును; సంతలో పెద్ద కొఱ్ఱమీనునకును ప్రాణమున్నంతవఱకే మంచి ధర.

పిల్లలను వలతో పట్టవచ్చును. పెద్ద కొఱ్ఱమీను నాచులోను, తూటికాడల నడుమను, బురదలోను దాగియుండుటచే అచ్చట వల సాగదు. కావున గాలము వేయుదురు. ఈ చేప నోరు పెద్దది, ఆశ మిక్కుటము. కప్పపిల్లనుగాని వానపామునుగాని ఒక్కసారిగ మ్రింగును. బెండు కదలినను చూడక కర్రను గట్టున గ్రుచ్చి విడిచినచో గాలము గొంతులోనికి దిగును. అంతట దారము పట్టి బలముగ లాగువారు కలరు. గొంతునకు దాపుననే గుండెయు మొప్పలును కలవు. లాగినచో గాలముతోపాటు మాంసమును చీలి వచ్చును. సంత చేరకమునుపే చేప చచ్చును.

నష్టమింతటితో తీరదు. వానలు ప్రారంభమైనప్పుడు కొఱ్ఱమీను గ్రుడ్లు పెట్టును. ఎఱ్ఱని పిల్లల గుంపు నీటిపై తేలుచుండగా పెద్దచేప క్రింద కావలి కాయును. దగ్గఱకు వచ్చినదానిపై పడి కఱచును. అట్టి చేపను గాలముతో తీసినయెడల, కావలిలేని పిల్లలను తక్కిన చేపలు తినివేయును. ఒక్క చేపకై ఒక గుంపు పోవును. కావున పిల్లల గుంపు కనబడినచోట గాలము వేయరాదు. పొరపాటున పడినచో ఆ చేపను ప్రాణముతో విడువవలెను. అందులకు గాలము తీయు విధము నెఱిగియుండవలెను.

కావలసిన పనిముట్లు మూడు. ఒకటి, పొడుగు ముక్కుగల పటకారు. రెండు, తీగ తెంపు కత్తెర. మూడు, జానెడు పొడవుగల నున్నని వెదురుపుల్ల. దాని కొనను దారము పట్టునంత చీలిక చేయవలెను. ఈ పుల్లను ఇంటనే చేసికొనవచ్చును.

చేపను ముట్టుటకు ముందు చేతులు తడుపవలెను. పొడిచేతితో పట్టినను, పొడినేలపై పడవైచినను ఒంటిమీది జిగురు పోయి తెగుళ్లు సోకును. కన్నులలోగాని మొప్పలలోగాని వ్రేళ్లు పెట్టరాదు. తడిగుడ్డతో నడుము పట్టి, రెండవ చేతితో పని సాగింపవలెను. కొఱ్ఱమీను పండ్లు పదునైనవి. నోటిలో వ్రేలు పెట్టరాదు.

గాలము పెదవికి తగిలియున్నచో, పటకారుతో దాని వంపును పట్టి, వచ్చిన దారినే వెనుకకు త్రిప్పి తీయవలెను. నోటిలోపల కనబడుచున్నచో, దారమును బిగువుగ పట్టి, పుల్ల చీలికను దారమువెంట గాలపు వంపువఱకు జార్చి, మెల్లగ లోపలికి నొక్కవలెను. ఎదురుముల్లు ఊడినపిమ్మట పుల్లను, గాలమును కలిపి వెలికి తీయవలెను. ముందు నొక్కుట, తరువాత తీయుట: ఈ క్రమము తప్పరాదు. కొన దవడను పొడుచుకొని బయటికి వచ్చియున్నచో, ఆ కొనను ఎదురుముల్లుతోకూడ కత్తెరతో తెంపి, మిగిలినదానిని వెనుకకు లాగవలెను.

గాలము కనబడనంత లోతున దిగినచో తీయ యత్నింపరాదు. విడువదలచిన చేపయైనచో, దారమును నోటిలోపల వీలైనంత దగ్గఱగ కత్తిరించి నీట విడువవలెను. అట్లు విడిచిన చేపలు, గాలము పెఱికిన చేపలకంటె హెచ్చుగ బ్రతుకునని విదేశములలో జరిగిన పరిశోధనలు తెలుపుచున్నవి. కొన్ని చేపలు కొంతకాలమునకు గాలమును తామే వెడలగ్రక్కును.

అమ్మదలచిన చేపయైనచో వేఱుమాట. గాలము కడుపులోనుంచి ప్రాణముతో అమ్ముట తగదు. తినువాని గొంతున అది గ్రుచ్చుకొనవచ్చును. సంఘము పేరునకును మచ్చ వచ్చును. అట్టిదానిని వెంటనే చంపి, కోసి గాలము తీసి, కోసిన చేపగనే అమ్మవలెను. ధర కొంత తగ్గినను అదియే న్యాయమైన వర్తకము.

ప్రాణముతో తెచ్చు చేపను కుండనిండ నీరు పోసి మూయరాదు. కొఱ్ఱమీను మొప్పలతోపాటు తలలోని వేఱొక అవయవముచే గాలిని పీల్చును. పైకి వచ్చి గాలి పీల్చుటకు వీలు లేనిచో నీటిలోనే చచ్చును. కావున నీరు కొద్దిగ పోసి, పైన ఖాళీ విడిచి, రంధ్రములుగల మూత పెట్టవలెను.

గాలము లోతునకు దిగకుండ చేయుట తీయుటకంటె మేలు. కర్రను విడిచి పోరాదు. బెండు మునిగినతోడనే దారము బిగింపవలెను. ఎదురుముల్లును పటకారుతో నొక్కి చదును చేసినచో గాలము సులభముగ వచ్చును. కొన లోపలికి వంగి గుండ్రముగనుండు గాలము అనేకజాతుల చేపలలో గొంతున దిగక నోటిమూలనే తగులుచున్నది. దానికి మాత్రము కర్రను విసరి గుంజక, దారమును నిదానముగ బిగింపవలెను. తెగిన దారములను గట్టున పాఱవేయరాదు. కొంగల కాళ్లకు చుట్టుకొనును. మనుష్యుని చేతికి గాలము దిగినచో వైద్యునియొద్దకు పోయి తీయించుకొని, ధనుర్వాతపు సూదిమందు విషయము విచారింపవలెను.

చెఱువు సంఘమంతటి సొత్తు. ఒకరు పెఱికి చంపిన చేప మఱియొకరి వలలో పడవలసిన చేపయే. కార్తె రాకమునుపే ప్రతి సభ్యుడును పటకారు, కత్తెర, పుల్ల సిద్ధపఱచుకొని, తన యింట గాలము వేయు పిల్లవాండ్రకును ఈ విధము నేర్పవలెనని కోరుచున్నాము.