గుర్రపు నాల్ నుంచి గిట్ట బూటు దాకా

అరబీలో 'నఅల్' అంటే పాదరక్ష. మనిషి తొడుక్కునే చెప్పుకూ, గుర్రం గిట్టకు వేసే ఇనుప పట్టీకీ ఆ భాషలో ఒకటే మాట. ఉర్దూలో అది 'నాల్' అయి ఎక్కువగా గిట్టకే వాడుకైంది. తెలుగులో మనం నాడా అంటాం, లాడం అంటాం. పాత రోజుల్లో బూటు మడమకు కొట్టించుకునే ఇనుప ముక్కను కూడా లాడమే అనేవాళ్లం. ఈ పని చేసే మనిషి నాల్‌బంద్. 'బంద్' ఫార్సీ మాట, కట్టేవాడని అర్థం. అంటే నాల్‌బంద్ అనే పేరులో మేకూ లేదు, సుత్తీ లేదు. పాదరక్ష కట్టేవాడని మాత్రమే ఉంది. గత యాభై ఏళ్లలో వచ్చిన కొత్త రకాలను చూస్తే, ఈ విద్య మళ్లీ ఆ పేరుకు తగ్గట్టే మారుతున్నట్టు కనిపిస్తుంది.

మన ఊళ్లలో జట్కాలు దాదాపు కనుమరుగయ్యాయి. కొన్ని కుటుంబాలకు నాల్‌బంద్ అన్నది ఇంటిపేరుగా మాత్రమే మిగిలింది. అయినా గుర్రం పూర్తిగా పోలేదు. పెళ్లి ఊరేగింపుల్లో ఉంది, హైదరాబాద్‌లో మలక్‌పేట రేసుకోర్సులోనూ పోలీసు అశ్వశాలలోనూ ఉంది, పాడేరు వైపు కొండదారుల్లో మూటలు మోస్తూ ఉంది. ఉత్తరాదిన ఇటుక బట్టీల్లో గుర్రాలూ కంచరగాడిదలూ గాడిదలే ఎన్నో కుటుంబాలకు కూడు పెడుతున్నాయి. అలాంటి ఇంట్లో జంతువు కుంటితే ఆ రోజు కూలి లేదు. కుంటుతూనే పనిచేయిస్తే పది రోజుల్లో తేలాల్సిన కష్టం పది నెలలకు పోతుంది. కాబట్టి ఈ పాఠం గుర్రపు స్వారీ సరదా ఉన్నవాళ్ల కోసం మాత్రమే కాదు.

ముందుగా గిట్ట గురించి తెలుసుకోవాలి. గుర్రం నిలబడేది ఒక్కొక్క కాలికి ఒక్క వేలు మీద. ఆ వేలి చివర గోరే గిట్ట. మన గోరులో, వెంట్రుకలో ఉండే కెరటిన్ అనే పదార్థమే దానిలోనూ ఉంది. పిల్లలకు చెప్పేటప్పుడు నేను ఒక మాట అడుగుతాను: "గోరు కత్తిరిస్తే నొప్పి పుట్టదు, గోటి కింద ముల్లు గుచ్చుకుంటే ఎందుకు పుడుతుంది?" గిట్ట విషయమూ అంతే. బయటి గోడ చచ్చిన కొమ్ము లాంటిది, దానికి నొప్పి తెలియదు. లోపల నరాలూ రక్తనాళాలూ ఉన్న సజీవ భాగం ఉంటుంది. గిట్టను తిప్పి చూస్తే ఈ రెండింటి మధ్య హద్దుగా ఒక లేత రంగు గీత కనిపిస్తుంది. మేకు ఆ గీతకు బయట ఉండాలి, లోపలికి పోకూడదు. గిట్ట అడుగున వెనక నుంచి మధ్యకు చొచ్చుకొచ్చిన త్రిభుజాకారపు మెత్తని భాగం కూడా ఉంటుంది. ఉర్దూలో దాన్ని పుత్లీ అంటారు. బరువు పడినప్పుడు అదరును కొంత మింగేది ఇదే. బరువు పడిన ప్రతిసారీ గిట్ట మడమల దగ్గర కాస్త విచ్చుకుంటుంది, ఎత్తగానే ముడుచుకుంటుంది. మంచి నాల్‌బంద్ గిట్ట వెనక భాగంలో మేకు కొట్టకపోవడానికి కారణం ఈ కదలికే.

ఒక చిన్న లెక్క వేద్దాం. 400 కిలోల గుర్రం నిలబడి ఉన్నప్పుడు సుమారు 60 శాతం బరువు ముందు కాళ్ల మీద ఉంటుంది. అంటే 240 కిలోలు, ఒక్కో ముందు కాలికి 120. అదే గుర్రం దౌడు తీస్తున్నప్పుడు ఒంటి కాలు నేల మీద ఉన్న క్షణంలో ఆ కాలి మీద తన బరువుకు రెండున్నర రెట్ల దాకా భారం పడుతుంది. అంటే ఒక్క గిట్ట మీద సుమారు టన్ను! ఆ గిట్ట వైశాల్యం మన అరచేతిని మించి పెద్దగా ఉండదు. దానికింద మట్టి ఉంటే ఒక సంగతి, తారురోడ్డో సిమెంటో ఉంటే వేరే సంగతి.

గిట్ట నెలకు సెంటీమీటరుకు కాస్త తక్కువగా పెరుగుతుంది. మెత్తని నేల మీద మేసే గుర్రానికి పెరుగుదల, అరుగుదల సరితూగుతాయి. రాళ్ల మీద బరువు లాగే గుర్రానికి అరుగుదలదే పైచేయి. పాదరక్ష అవసరం అక్కడే మొదలైంది. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో గ్రీకు రచయిత జెనొఫోన్ నాల్ ఊసే ఎత్తడు. గిట్ట గట్టిపడడానికి గుర్రాల ఆవరణలో గులకరాళ్లు పరచమంటాడు. రోమన్ల కాలంలో గిట్ట కింద ఇనుప పలక పెట్టి తోలు పట్టీలతో కాలికి కట్టే పనిముట్టు ఉండేది. ఐరోపాలో తవ్వకాల్లో అవి దొరికాయి. చరిత్రలో మొదటి గిట్ట బూటు అదే అనుకోవచ్చు. మేకులతో కొట్టే నాల్ ఆ తరువాతే వాడుకలో స్థిరపడింది. 14వ శతాబ్దంలో కైరోలో మమ్లూక్ సుల్తాన్ అల్ నాసిర్ ముహమ్మద్ అశ్వశాలల వైద్యుడు అబూ బక్ర్ ఇబ్న్ అల్ ముంజిర్ రాసిన పెద్ద గ్రంథం సుల్తాన్ పేరు మీద 'అల్ నాసిరీ'గా ప్రసిద్ధి పొందింది. గుర్రాల వైద్యుణ్ని అరబీలో బైతార్ అంటారు. మన దేశపు ఉర్దూలో సలోత్రీ అని మరో మాట ఉంది. అశ్వశాస్త్రం చెప్పిన శాలిహోత్రుడి పేరు నుంచి వచ్చిందది. ఒకే వృత్తికి రెండు నాగరికతల పేర్లు ఒకే భాషలో పక్కపక్కన ఉండడం నాకు ముచ్చటగా అనిపిస్తుంది.

1835లో అమెరికాలోని ట్రాయ్ పట్టణంలో హెన్రీ బర్డెన్ నాల్ తయారుచేసే యంత్రానికి పేటెంటు పొందాడు. 1857 నాటికి అతని యంత్రం నిమిషానికి 60 నాల్‌లు తీసేది. అప్పటి నుంచి కొలిమి దగ్గర మనిషి పని నాల్ చేయడం నుంచి నాల్ అమర్చడానికి మారింది. రూపం మాత్రం పెద్దగా మారలేదు.

మార్పు మొదట లోహంలో వచ్చింది. ఉక్కు గట్టిది, చవక, చాలాకాలం నిలుస్తుంది, కానీ బరువు. అల్యూమినియం బరువు ఉక్కులో సుమారు మూడోవంతు. అందుకే పందెపు గుర్రాలకు అల్యూమినియం పలుచని నాల్ వేస్తారు. అది తొందరగా అరిగిపోతుంది, రోడ్డు మీద బండి లాగే గుర్రానికి పనికిరాదు. నున్నని రోడ్డు మీద ఉక్కు జారుతుంది కూడా. దానికి విరుగుడుగా నాల్ అడుగున టంగ్‌స్టన్ కార్బైడ్ బొడిపెలు పెడతారు. ఇవి జారకుండా పట్టు ఇస్తాయి. అయితే పట్టు మరీ ఎక్కువైనా ప్రమాదమే. గిట్ట నేల మీద పడగానే ఇసుమంత జారి ఆగడం సహజం. ఆ జారుడును పూర్తిగా బిగిస్తే అదరు అంతా కీళ్లకు పోతుంది.

తరువాత ప్లాస్టిక్ వచ్చింది. పాలీయురెథేన్ అనే సాగే గట్టి ప్లాస్టిక్‌తో, కొన్నింటిలో లోపల లోహపు పట్టీ ఉంచి నాల్ చేస్తున్నారు. ఇవి అదరును తగ్గిస్తాయి, గిట్టతో పాటు కొంచెం వంగుతాయి. వీటిని మేకులతోనూ కొట్టవచ్చు, జిగురుతోనూ అంటించవచ్చు. గిట్ట గోడ పెళుసై మేకు నిలవని గుర్రాలకు జిగురు నాల్ నిజంగా వరమే. అయితే జిగురుకు గిట్ట పొడిగా, శుభ్రంగా, ఆకురాయితో గరుకు చేసి ఉండాలి. చెమ్మ తగిలితే పట్టదు. వానాకాలంలో బురదలో నిలబడిన గుర్రాన్ని తెచ్చి అంటించమంటే కుదరదు. మన ఎండలో జిగురు చాలా త్వరగా గట్టిపడుతుంది, సరిదిద్దడానికి వ్యవధి ఉండదు. ఎలా అంటించినా గిట్ట పెరుగుతుంది కాబట్టి ఆరు వారాల ప్రాంతంలో తీసి చెక్కి మళ్లీ వేయాల్సిందే.

ఇక బూటు. 1970 ప్రాంతంలో అమెరికాలో డాక్టర్ నీల్ గ్లాస్ 'ఈజీబూట్' అనే తొడుగు తెచ్చాడు. మొదట్లో ఇది, నాల్ ఊడిపోతే దారిలో అక్కరకొచ్చే స్టెప్నీ టైరు లాంటిది. ఇవాళ దూరపు పందేలకు కూడా దాన్ని వాడుతున్నారు. కాలిఫోర్నియాలో కొండల మీదుగా ఒక్క రోజులో 100 మైళ్లు సాగే టెవిస్ కప్ పందెంలో బూట్లు తొడిగిన గుర్రాలు గెలిచాయి. అడుగు భాగం రబ్బరో పాలీయురెథేనో, టైరుకున్నట్టు గాళ్లతో ఉంటుంది. పైన గట్టి గుడ్డో సాగే ప్లాస్టికో ఉంటుంది. బిగించడానికి పట్టీ, వెల్‌క్రో, కొన్నింటిలో తీగ, బకిల్ ఉంటాయి. పనికి వెళ్లేముందు తొడుగుతారు, ఇంటికి రాగానే విప్పుతారు. మేకు లేదు కాబట్టి గిట్టకు రంధ్రం లేదు. రాత్రంతా గిట్ట స్వేచ్ఛగా విచ్చుకుని ముడుచుకుంటుంది. గిట్టలో చీము పట్టినప్పుడు మందునీళ్లలో నానబెట్టడానికీ, కట్టు తడవకుండా కాపాడడానికీ వేరే రకం బూట్లు ఉన్నాయి.

దోషాలూ చెప్పాలి. సరిపోని బూటు మడమ దగ్గర తోలు ఒరిసి పుండు చేస్తుంది. సన్న కంకర లోపల చేరుతుంది. లోతు బురదలో బూటు తిరిగిపోతుంది, ఒక్కోసారి ఊడి అక్కడే ఉండిపోతుంది. రోజూ కడిగి ఆరబెట్టాలి. తెల్లవారుజామున బండి కట్టి రాత్రికి ఇల్లు చేరే మనిషికి నాలుగు బూట్లు తొడగడం, విప్పడం, కడగడం అదనపు పని. ఈ సంగతి కంపెనీల ప్రకటనల్లో ఉండదు.

జబ్బు గుర్రాల విషయంలో రూపకల్పన ఇంకా ముందుకు పోయింది. లామినైటిస్ అనే వ్యాధిలో గిట్ట గోడనూ లోపలి ఎముకనూ కలిపి ఉంచే పొరలు వాచి, బలం తప్పి, ఎముక కిందికి తిరిగిపోతుంది. ధాన్యం మితిమీరి తిన్నా, గట్టి రోడ్డు మీద మితిమీరి పరుగెత్తినా రావచ్చు. అలాంటి గుర్రానికి మధ్యలో హృదయాకారపు పట్టీ ఉండి పుత్లీ మీద కొంత బరువు మోపే నాల్ వేస్తారు. ముందు అంచు పైకి వంచి అడుగు తేలికగా తిరిగేలా చేసే నాల్ కూడా ఉంది. ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సి.ఎస్.ఐ.ఆర్.ఒ. 2013లో ఒక పందెపు గుర్రానికి త్రీడీ ప్రింటర్‌తో టైటానియం నాల్ తయారుచేసింది. గిట్టను స్కాన్ చేసి దాని కొలతకే అచ్చు తీశారు. తరువాత లామినైటిస్ ఉన్న ఒక ఆడగుర్రానికీ అలాగే చేశారు. పేద బండివాడికి ఇది చేరే దారి ఇప్పట్లో కనిపించదు గానీ, నాల్‌కు గిట్టను సరిపెట్టకుండా గిట్టకే నాల్‌ను సరిపెట్టాలన్న పాత సూత్రం యంత్రానికీ వర్తించిందని తెలుస్తుంది.

మన పల్లెలకు ఎక్కువ ఉపయోగపడేది నా ఉద్దేశంలో పశువుల గిట్ట దిమ్మ. ఎద్దుకూ ఆవుకూ గేదెకూ గిట్ట రెండు చీలికలు. అందుకే ఎద్దు నాల్ కూడా చీలికకు ఒకటి చొప్పున రెండు ముక్కలు. పాడి ఆవుల్లో పుండు ఎక్కువగా వెనక కాలి బయటి చీలికకు వస్తుంది. అప్పుడు బాగున్న చీలిక కింద ఒక చెక్క దిమ్మో రబ్బరు దిమ్మో జిగురుతో అంటిస్తారు. ఆవు దాని మీద నిలబడుతుంది, పుండు పడ్డ చీలిక నేలకు తగలకుండా గాలిలో ఉండి మానుతుంది. నొప్పి తగ్గగానే మేత దగ్గరికి నడుస్తుంది, పాలూ కోలుకుంటాయి. ఎంత చిన్న ఉపాయం! పశువైద్యుడు ముందు గిట్ట చెక్కి చూసి వేయాలి, కొన్ని వారాలకు తప్పకుండా తీయాలి.

దాతలుగా ఈ సంచిక చదివే పెద్దలు కొందరు నన్ను అడిగారు, బండి మీద బతికేవాళ్లకు విదేశీ బూట్లు కొనిస్తే మంచిదేనా అని. నా జవాబు, మొదటి రూపాయి బూటు మీద పెట్టవద్దని. వేలల్లో ఖరీదు చేసే బూటు చెక్కని గిట్టకు తొడిగితే అది వాచిన కాలికి కొత్త చెప్పు. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్ట చెక్కించడం, సరైన కొలత నాల్, సరైన మేకు, ఈ మూడూ ఉంటే చాలా కుంటుళ్లు రావు. మేకు మొనకు ఒక పక్క వాలు ఉంటుంది. ఆ వాలు లోపలి వైపు పెట్టి కొడితే మేకు బయటికి వంగి గోడలోంచి తేలుతుంది. తిప్పి కొడితే సజీవ భాగంలోకి పోతుంది. చేయి తిరిగిన నాల్‌బంద్ సుత్తి దెబ్బ చప్పుడు మారగానే చేయి ఆపుతాడు. ఆ చెవి ఉన్న మనుషులు తగ్గిపోతున్నారు, వాళ్ల పిల్లలు ఆటో నడుపుతున్నారు. ఒక యువకుడికి సుమ్‌తరాష్, పట్కారు, మంచి ఆకురాయి కొనిచ్చి, ఒక పాత నాల్‌బంద్ దగ్గరో పశువైద్యశాలలోనో ఏడాది నేర్పిస్తే, అతని చేతి కిందికి ఎన్ని గుర్రాలు వస్తాయో లెక్క వేసుకోండి. మేకు నిలవని గిట్టకూ, గాయపడిన కాలికీ బూటు కావాలి. ఊరికి రెండు మూడు కొలతలు పశువైద్యుడి దగ్గర ఉంచితే అవసరమైనవాళ్లు తీసుకెళ్లి తిరిగి ఇవ్వవచ్చు.

బూటు తెప్పించేటప్పుడు కొలత ఎలా తీయాలో కూడా చెబుతాను. గిట్ట చెక్కిన రోజునే కొలవాలి, నెల తరువాత కొలిస్తే పెరిగిన కొలత వస్తుంది. కాలు ఎత్తి, గిట్ట అడుగున అన్నిటికంటే వెడల్పైన చోట అడ్డంగా, ముందు కొన నుంచి మడమ గోడ ముగిసే చోటు దాకా నిలువుగా, మిల్లీమీటర్లలో రాసుకోవాలి. మడమ పైన ఉబ్బెత్తుగా ఉండే మెత్తని భాగాన్ని కొలతలో కలపకూడదు. ముందు గిట్టలు గుండ్రంగా, వెనకవి కాస్త కోలగా ఉంటాయి. ముందు కాళ్ల కొలతతో తెప్పించినవి వెనక కాళ్లకు పట్టవు. ఎడమ, కుడి కూడా తరచు తేడాగా ఉంటాయి కాబట్టి నాలుగింటినీ విడివిడిగా కొలిచి రాయాలి.