తాడు ఎన్ని టన్నులది కొనాలి?

ప్రశ్న: బ్రిస్బేన్‌లో ఉంటాం. టయోటా హైలక్స్‌లో తరచూ బీచ్ ఇసుకలోకి వెళ్తాం. బండి కూరుకుపోతే లాగడానికి స్నాచ్ స్ట్రాప్ కొనాలనుకుంటున్నాం. ఎన్ని ఎక్కువ టన్నులదైతే అంత మంచిదా?

జవాబు: కాదు. స్నాచ్ స్ట్రాప్ నైలాన్‌ది, సాగడమే దాని పని. సాగినప్పుడు పుంజుకున్న బలమే బండిని ఇసుకలోంచి పెకలిస్తుంది. మరీ దిట్టమైనది కొంటే సరిగా సాగదు, ఆ కుదుపంతా ఛాసీ మీద పడుతుంది. మరీ బలహీనమైనది తెగిపోతుంది.

ఆస్ట్రేలియాలో చెప్పే లెక్క ఇది: స్ట్రాప్ తెగే బలం, లాగే బండి, కూరుకుపోయిన బండి రెండింటిలో తేలికైనదాని గరిష్ఠ అనుమతి బరువుకు 2 నుంచి 3 రెట్లు ఉండాలి. ఖాళీ బండి బరువు కాదు, సామానూ మనుషులూ కలిపి అనుమతించిన బరువు. హైలక్స్ డబుల్ క్యాబ్ 4x4కి అది సుమారు 3 టన్నులు. అంటే 8 టన్నుల స్ట్రాప్ చక్కగా సరిపోతుంది.

స్ట్రాప్‌ను బండికి కలిపే ఇనుప కొండీ, అంటే షాకిల్ దగ్గర లెక్క మారుతుంది. స్ట్రాప్ మీద వేసేది తెగే బలం, షాకిల్ మీద ముద్రించేది సురక్షితంగా మోయగల బరువు. 4.75 టన్నుల ముద్ర ఉన్నది తీసుకోవాలి. ముద్రే లేనిది ఎంత లావుగా కనిపించినా వద్దు.

అన్నిటికన్నా ముఖ్యం, తగిలించే చోటు. ట్రైలర్ కోసం బిగించిన టో బాల్‌కు స్ట్రాప్ ఎన్నడూ తగిలించకూడదు. అది విరిగితే ఫిరంగి గుండులా దూసుకొస్తుంది, ఆస్ట్రేలియాలో ఇలా ప్రాణాలు పోయాయి. ఓడలో బండిని కట్టే కొక్కేలూ పనికిరావు. ఛాసీకి బోల్టులతో బిగించిన, రేటింగ్ ఉన్న రికవరీ పాయింట్లే వాడాలి. లాగేటప్పుడు స్ట్రాప్ తెగితే ఎగిరిపడకుండా దాని మీద డ్యాంపర్ అనే బరువైన గుడ్డ వేసి, చూసేవాళ్లను బాగా దూరంగా నిలబెట్టాలి.