మంచు హాకీయు రెఫరీ తీర్పును

ఈ సంవత్సరము మన మైదానమున పొరుగు పాఠశాలవారితో జరిగిన హాకీ పందెము చదువరులలో పలువురకు జ్ఞాపకముండును. ఆట ముగియుటకు కొలది నిమిషములు ముందు, గోలు ముందఱి అర్ధవలయమున, బంతి వారి ఆటగాని కాలికి తగిలెనని మనవారును, కఱ్ఱకే తగిలెనని వారును కేకలు వేసిరి. ఆ వైపు అంపైరును నేనే. నేను ఈల ఊదలేదు. మనవారు ఒక్క గోలు తేడాతో ఓడిరి.

మరునాడు పదవ తరగతి బాలుడొకడు నాయొద్దకు వచ్చి, "మాస్టరుగారూ, మా బావ అబద్ధమాడుచున్నాడండి. బంతి కాలికి తగులుట వాడును చూచినాడు" అని మొఱపెట్టుకొనెను. ఆ బావ పొరుగు పాఠశాలలో చదువుచున్నాడు. ఇద్దరును ఆడినవారు కారు. మైదానమునకు ఇరుగట్టులను నిలిచి చూచినవారు. వారము గడచిన పిదప ఆ బావయు బజారులో నన్ను ఆపి, ఇంచుమించుగా ఆ మాటలనే ఇతనిపై చెప్పెను. సంక్రాంతి పండుగకు సయితము మేనల్లుడు తమ గడప త్రొక్కలేదని ఆ మేనమామ నాతో చెప్పి చింతపడెను.

ఇద్దరిలో అసత్యవాది ఎవడు? ఈ ప్రశ్నకు నేను వెంటనే ప్రత్యుత్తర మీయజాలనైతిని. ఇట్టి వివాదము మిక్కిలి పెరిగిన చోటు ఏదియని వెదకగా, అమెరికా దేశపు కళాశాలలవారు మంచుపై ఆడు హాకీ నాకు కనబడినది. దానిని గూర్చి తెలిసికొన్నది ఇచట వ్రాయుచున్నాను.

మనము హాకీ అనగా పచ్చిక నేలయు, తెల్లని బంతియు, పక్షమునకు 11 గురు ఆటగాండ్రును అనుకొందుము. వారి ఆట వేఱు. 200 అడుగుల పొడవును 85 అడుగుల వెడల్పును గల చోట నీటిని గడ్డకట్టించి, చుట్టును చెక్క గోడవంటి దడి కట్టుదురు. మన మైదానము 300 అడుగుల పొడవు, 180 అడుగుల వెడల్పు గలది గనుక, వారిది మనదానిలో మూడవ వంతు కన్న కొంచెము తక్కువయే. పక్షమునకు గోలు కాచువానితో కలిపి ఆర్గురు. అందఱును అడుగున ఉక్కు అలుగులు గల జోళ్లు తొడిగి జాఱుచు పరుగెత్తుదురు. బంతికి బదులు 3 అంగుళముల వ్యాసమును, 1 అంగుళము మందమును గల నల్లని రబ్బరు బిళ్ల. గట్టిగా కొట్టినప్పుడు అది గంటకు 80, 90 మైళ్ల వేగమున పోవును. ఆట 20 నిమిషముల చొప్పున మూడు భాగములు.

మన హాకీలో ఎదుటివానిని దేహముతో త్రోయుట తప్పు. వారి ఆటలో అది ధర్మమే. కాని అన్నివేళల కాదు. బిళ్ల ఎవనియొద్ద నున్నదో వానిని, ముందునుండియో ప్రక్కనుండియో, భుజముతో తాకవచ్చును. బిళ్ల లేనివానిని తాకిన తప్పు. వెనుకనుండి దడిమీదికి త్రోసిన పెద్ద తప్పు. తలకు తగులునట్లు కొట్టిన అంతకన్న తక్కువ కాదు. కఱ్ఱ కొనను కొంకివలె తగిలించి ఎదుటివానిని వెనుకకు లాగినను, కాళ్ల నడుమ పెట్టి పడగొట్టినను తప్పే. ఇపుడు ఆలోచింపుడు. ఒకడు బిళ్లను తోటివానికి పంపిన అరక్షణమునకు ఎదుటివాని భుజము వానికి తగిలినది. అది ధర్మమా, తప్పా? తాకినవాడు ఆగదలచియు ఆగలేకపోయెనా, లేక ఆగదలచుకొననేలేదా? గీత దాటెనా లేదా యను ప్రశ్న వంటిది కాదిది. రెఫరీ కన్నుతోపాటు మనస్సుతో గూడ తీర్పు చెప్పవలసినది. అతడును ఆ మంచుపైననే ఆటగాండ్ర నడుమ జాఱుచు, ఒక్కొక్కప్పుడు నలుగురి వీపుల చాటునుండి చూచి చెప్పవలసినది.

తప్పు చేసినవాడు చిన్న దండనయైన 2 నిమిషములు, పెద్దదైన 5 నిమిషములు ఆట విడిచి ప్రక్కనున్న గదిలో కూర్చుండవలెను. అంతవఱకు వాని పక్షమువారు ఒకడు తక్కువగా ఆడవలెను. ఇందొక విశేషము. చిన్న దండనలో ఎదుటి పక్షము గోలు చేసినచో దోషి వెంటనే లేచి రావచ్చును. పెద్ద దండనలో ఎన్ని గోలులైనను 5 నిమిషములును నిండవలసినదే. కావున రెఫరీ ఒక్క త్రోపును చిన్నది యనెనా, పెద్దది యనెనా అనుదానిపై పందెమంతయు మాఱిపోవచ్చును. ఇంకొక చిత్రము: తగులకున్నను తగిలినట్లు నటించి పడువానికిని దండన కలదు. "మావానిని పడగొట్టిరి", "కాదు, మీవాడే పడెను" అని ప్రేక్షకులు చేసికొను జగడము అట్లు నిబంధనల గ్రంథములోనికే ఎక్కినది.

ఇక ఆ ప్రేక్షకుల సంగతి. న్యూయార్కు రాష్ట్రమున ఇథకా యను ఊర కార్నెల్ విశ్వవిద్యాలయము, బోస్టన్ నగరపు చెంత హార్వర్డ్ విశ్వవిద్యాలయము గలవు. కార్నెల్‌లో వ్యవసాయ కళాశాల యుండుటచే హార్వర్డ్‌వారు వారిని పల్లెటూరివారని గేలిచేయుట వాడుక. 1973 ప్రాంతమున హార్వర్డ్ అభిమాని యొకడు కార్నెల్ గోలు కాచువానిమీదికి కోడిని విసరెనట. హార్వర్డ్‌వారు తమ ఊరు వచ్చినప్పుడు కార్నెల్‌వారు బోస్టన్ సముద్రతీరపు పట్టణమని ఎత్తిపొడుచుచు చేపలు విసరిరి. నాటినుండి హార్వర్డ్ ఆటగాండ్రు మంచుపైకి దిగునప్పుడు చేపలు విసరుట అచట ఆచారమైనది. ఆటకు అడ్డు కలిగినచో రెఫరీ ఆ ఇంటివారి పక్షమునకే 2 నిమిషముల దండన వేయవచ్చును. చేప విసరినవాడే పిదప రెఫరీని పక్షపాతి యని దూషించుట గూడ కలదు, దీనికేమి చెప్పుదుము!

బోస్టన్‌లోనే నాలుగు విద్యాలయములు, అనగా బోస్టన్ విశ్వవిద్యాలయము, బోస్టన్ కళాశాల, హార్వర్డ్, నార్త్ఈస్టర్న్, 1952 నుండి తమలో తాము ఒక పాత్రకై పోటీపడుచున్నవి. ఆ పందెములు ఫిబ్రవరి నెల మొదటి రెండు సోమవారములందు జరుగును. ఒకే ఊరు గనుక ఒకే వీధివారు, ఒక్కొక్కచో ఒకే ఇంటివారు, రెండు పక్షములై కూర్చుందురు. మన బావమఱదుల వ్యవహారము వారికి వింత కాదు.

ఇట్లు ఒకే ఆటను చూచినవారు రెండు విధములుగా చెప్పుట ఏల? దీనిని ఇద్దరు పండితులు పరీక్షించి చూచిరి. వారు పరీక్షించినది హాకీ కాదు, అమెరికా పద్ధతి ఫుట్‌బాలు. అయినను విషయ మొక్కటే. 1951 నవంబరులో ప్రిన్స్‌టన్, డార్ట్‌మత్ విద్యాలయముల జట్లు పోరాడినవి. ప్రిన్స్‌టన్‌వారి ప్రఖ్యాత క్రీడాకారుడు డిక్ కాజ్‌మయర్ ముక్కు విరిగి రెండవ భాగమున బయటికి వచ్చెను. మూడవ భాగమున డార్ట్‌మత్ ఆటగాని కాలు విరిగెను. ప్రిన్స్‌టన్ 13-0 గా గెలిచెను. పిదప రెండు విద్యాలయముల పత్రికలును ఒకదానిపై నొకటి నిప్పులు క్రక్కినవి. డార్ట్‌మత్‌లో నుండిన ఆల్బర్ట్ హాస్టార్ఫ్, ప్రిన్స్‌టన్‌లో నుండిన హ్యాడ్లీ కాంట్రిల్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు కలిసి ఇరుచోట్ల విద్యార్థులకు ఆ ఆట ఫిలిమును చూపి, కనబడిన ప్రతి తప్పును కాగితముపై గుర్తింపుడనిరి. ఫలితమును 1954లో ప్రకటించిరి.

ప్రిన్స్‌టన్ జట్టు చేసిన తప్పులు ప్రిన్స్‌టన్ విద్యార్థులకు సగటున 4.2, డార్ట్‌మత్ విద్యార్థులకు 4.4 కనబడినవి. ఇంతవఱకు భేదము లేదు. కాని డార్ట్‌మత్ జట్టు చేసినవి డార్ట్‌మత్ విద్యార్థులకు 4.3 కనబడగా, ప్రిన్స్‌టన్ విద్యార్థులకు 9.8 కనబడినవి! ఫిలిము ఒకటే, తెర ఒకటే. తొందరలేదు, ఆటస్థలమున నుండు కేకలు లేవు. తప్పులు లెక్కించుటయే పనిగా కూర్చున్నవారికే ఒకరికి నాలుగును, ఇంకొకరికి దాదాపు పదియును. మఱియొక సంగతి నవ్వు పుట్టించును. డార్ట్‌మత్ పూర్వ విద్యార్థి యొకడు ఆ ఫిలిమును తెప్పించుకొని ముందుగా వేసి చూచెనట. తాను విన్న తప్పు లేవియు దానిలో కనబడలేదు. ముఖ్యమైన భాగము కత్తిరింపబడినట్లున్నది, మిగిలినదానిని విమానపు టపాలో పంపుడని అతడు తంతి కొట్టెను. అతడు పరిహాసమున కొట్టిన తంతి కాదది.

నేను దీనిని చదివిన రాత్రి చాలసేపు నిద్రపోలేదని ఒప్పుకొనవలెను. చూచువారికి అట్లయినచో ఈల పట్టినవాని గతి యేమి? అతడును ఏదో యొక ఊరివాడే, ఏదో యొక పాఠశాలలో చదివినవాడే. ఇపుడు అచటి కళాశాలల హాకీలో గోలు విషయమునను, పెద్ద దండన విషయమునను చిత్రమును మరల వేసి చూచుటకు నిబంధనలు వీలిచ్చుచున్నవి. బిళ్ల గీత దాటినదియు లేనిదియు అందువలన తేలును. కాని భుజము తగిలినప్పటి ఉద్దేశమేమో చిత్రమున కనబడదు. దానిని చూచి మరల రెండు పక్షములవారును తమ మాటయే నిజమందురు.

ఆ ప్రిన్స్‌టన్‌లోనే అంతకు పూర్వము హోబీ బేకర్ అను విద్యార్థి యుండెను. అతడు 1914లో పట్టభద్రుడు. హాకీలో నాడు అతనికి సాటి లేరని పేరు. ఎదుటి పక్షములవారు అతనిని ఆపుటకై కొట్టుచు తోయుచు నుండగా, కళాశాలలో ఆడినంతకాలమున అతనికి దండన ఒక్కమారు మాత్రమే పడెనని చెప్పుదురు. ఆట ముగిసిన పిదప ఎదుటివారు బట్టలు మార్చుకొను గదికి పోయి చేతులు కలిపి వచ్చుట అతని వాడుక. మొదటి ప్రపంచ యుద్ధమున విమానము నడపి, యుద్ధము ముగిసిన పిదప 1918 డిసెంబరులో ఫ్రాన్సు దేశమున విమానము కూలి 26 సంవత్సరములకే మరణించెను. 1981 నుండి కళాశాల హాకీలో శ్రేష్ఠుడైన ఆటగానికి అతని పేరిట బహుమాన మిచ్చుచున్నారు. దానిని మొదట పొందినవాడు మినెసోటా విశ్వవిద్యాలయపు నీల్ బ్రోటెన్.

అందఱును బేకర్ వంటివారైనచో రెఫరీతో పనియే యుండదు. ఆ మినెసోటా జట్టే 1976 మార్చిలో డెన్వర్ పట్టణమున, దేశపు పోటీలో అంతిమమునకు ముందుటి పందెమున, బోస్టన్ విశ్వవిద్యాలయముతో తలపడెను. ఆట మొదలై రెండు నిమిషములు కాకమునుపే కలహము పుట్టి, బల్లలమీద కూర్చున్నవారు సయితము మంచుపైకి దుమికి కొట్టుకొనిరి. ఎవడు మొదలిడెనను విషయమున ఇరువైపులవారు చెప్పునది నేటికిని ఒకటి కాదు. మినెసోటా 4-2 గా గెలిచి, ఆ యేటి విజేతయు నయ్యెను. కళాశాల నిబంధనలు ఈ విషయమున కఠినములు. జీతమునకాడు పెద్ద జట్లవారు ముష్టియుద్ధమునకు సాధారణముగా 5 నిమిషములు కూర్చుండి మరల వచ్చి యాడుదురు. కళాశాలలో నైనచో ఆ పందెము నుండి వెడలవలెను, తరువాతి పందెమునకును దూరముగా నుండవలెను. కన్నులకును పండ్లకును దెబ్బ తగులకుండ ముఖమంతయు కప్పు ముసుగు ధరించుట గూడ కళాశాలవారికి విధి.

నాడు మినెసోటాకు శిక్షకుడైన హెర్బ్ బ్రూక్స్‌కే 1980 ఒలింపిక్ క్రీడలకై దేశపు జట్టును కూర్చు పని వచ్చెను. అతడు ఏరిన 20 మందిలో 9 మంది మినెసోటా విశ్వవిద్యాలయపువారు, నలుగురు బోస్టన్ విశ్వవిద్యాలయపువారు. 1976 నాటి బోస్టన్ జట్టులో ఆడిన మైక్ ఎరుజియోనియే వారికి నాయకుడు. మొదటి దినములలో ఆ పాత పగ వారిని విడువలేదు. అయినను ఫిబ్రవరి 22వ తేదీన లేక్ ప్లాసిడ్‌లో అజేయమని పేరొందిన సోవియట్ జట్టును 4-3 గా వారు గెలిచిరి. గెలుపు గోలు ఎరుజియోనిది. ఆ పందెమునకు రెఫరీ ఫిన్లండు దేశస్థుడు కార్ల్-గుస్తావ్ కైస్లా. రెండు దినములకు అమెరికావారు స్వర్ణపతకమునకై ఆడవలసినది ఆ ఫిన్లండుతోనే. అయినను ఆ రెండు పక్షముల నడుమ నిలిచి ఈల ఊదుటకు అతనినే నియమించిరి.

ఇక మన బావమఱదుల మాట. మాఱు పందెము పొరుగు పాఠశాల మైదానమున జరిగినప్పుడు ఇద్దరిని పిలిచి, చెరియొక కాగితము నిచ్చి, ఎవనికి వాడు తన పక్షపు తప్పులను మాత్రమే వ్రాయవలెనంటిని. ఎదుటివారివి వ్రాయరాదంటిని. ఇద్దరును ముఖము చిట్లించిరి, గాని కాదనలేదు. ఆ దినమునను ఒక వైపు ఈల నా చేతనే యుండెను. ఆట ముగిసిన పిదప కాగితములు చూచితిని. బావ రెండు వ్రాసెను, మనవాడు మూడు. మనవాని మూడింటిలో నొకటి, అర్ధవలయమునకు చేరువను కఱ్ఱపై కఱ్ఱ కొట్టినది, నేను చూడనేలేదు. ఆ సంగతి వారితో చెప్పితిని. "చూచితివా, మాస్టరుగారికే కనబడలేదు" అని బావయు, "కనబడనిది నేను వ్రాసితిని గదా" అని మనవాడును, ఆ కాగితములు చేత పట్టుకొని గేటు వఱకు వాదించుకొనుచునే పోయిరి.